పెళ్లయిన మర్నాడు పట్టుచీర సంగతి
(చేనేత దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నేత కుటుంబాల వారికి, చీర కట్టుకుని వచ్చిన, రేపు పెళ్లిలో కట్టుకోబోయే ఆడపడుచులందరికీ నమస్కారం. ఇవాళ ఆగస్టు 7. 1905లో ఇదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ఆ గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ చరిత్ర నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు, నేను మళ్లీ చెప్పను.

నాకిచ్చిన అంశం ‘శుభకార్యాలకు వస్త్రధారణ – మన అభిరుచులు’. అభిరుచి ఎవరిది వారిది. ఎరుపు కట్టాలా, గంధం రంగు కట్టాలా అన్నది మీ ఇష్టం. నేను చెప్పదలచుకున్నది వేరు. మన ఇళ్లలో పట్టుచీరలు కట్టి కట్టి చిరగడం లేదు. ఒక్కసారి కట్టాక బీరువాలో చిరుగుతున్నాయి. నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసినదాన్ని మనం ప్లాస్టిక్ కవరులో పెట్టి పాడుచేస్తున్నాం. నా బాధంతా ఇదే. అయినా వరసగా మొదలుపెడతాను: ఎంచుకోవడం, కట్టుకోవడం, దాచుకోవడం.

ఎంచుకునేటప్పుడు చాలామంది జరీ ఎంత ఉందని చూస్తారు. ఏ జరీ అని అడగరు. అసలు జరీ అంటే సన్నటి దారం మీద, ఎక్కువగా పట్టుదారం మీద, చదును చేసిన వెండి తీగ చుట్టి పైన బంగారు పూత పూసినది. టెస్టెడ్ జరీలో లోపల రాగి తీగ, దాని మీద వెండి పూత, ఆపైన బంగారు రంగు ఉంటాయి. మూడోది ప్లాస్టిక్ జరీ, అంటే మెరిసే పాలిస్టర్ పొర. మూడూ కొత్తగా ఉన్నప్పుడు ఒకేలా మెరుస్తాయి. తేడా తెలియాలంటే రవికె గుడ్డ కొసనో, కొంగు చివరనో వేలాడే ఒక్క జరీ పోగు తీసుకుని గోటితో గట్టిగా గీకండి. తెల్లగా వెండి కనిపించి లోపల దారం బయటపడితే అసలుది. ఎర్రగా రాగి కనిపిస్తే టెస్టెడ్. గీకినకొద్దీ పొరలా సాగితే ప్లాస్టిక్. టెస్టెడ్ జరీ కొంటే తప్పు లేదు, అసలు జరీ ధర ఇచ్చి కొంటేనే తప్పు.

పట్టుకూ పరీక్ష ఉంది. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డు దారాలు. పడుగు నుంచి ఒక పోగు, పేక నుంచి ఒక పోగు విడిగా తీసి వెలిగించాలి. రెండూ ఎందుకంటే పడుగు పట్టూ పేక ఇంకోటీ అయిన చీరలు బోలెడు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే నల్లటి బూడిద మిగిలితే పట్టు. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వస్తే రేయానో, నూలో. పోగు తీసే వీల్లేకపోతే సిల్క్ మార్క్ చీటీ అడగండి. కేంద్ర పట్టు మండలి 2004లో దాన్ని తెచ్చింది. అయితే ఆ చీటీ చెప్పేది పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే. చేత్తో నేసినదని చెప్పదు, జరీ గురించి అసలే చెప్పదు. చేత్తో నేసినదనడానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. ఈ రెండు చీటీల్నీ ఒకటే అనుకోవడం వల్ల మరమగ్గం చీర చేనేత ధరకు అమ్ముడుపోతోంది. ఇక్కడ కూర్చున్న నేతన్నల కూలికి అక్కడే గండి పడుతోంది.

ఇక బరువు. పీటల మీద గంటలకొద్దీ కూర్చోవాల్సిన పెళ్లికూతురికి జరీ దట్టంగా పట్టిన చీర కొనిపెడతారు. కూర్చున్నప్పుడు మోకాళ్ల దగ్గరా, నడుము వెనకా పేక మీద ఒత్తిడి పడి పోగులు జరుగుతాయి. చెమట తోడైతే అక్కడే బలం తగ్గుతుంది. బరువైన చీర కావాలంటే నిలబడి పలకరించే రిసెప్షన్‌కు కట్టండి. పీటల మీదకు గద్వాల లాంటిది చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఫొటోలో అంచే కనిపిస్తుంది, ఒంటికేమో నూలు తగులుతుంది. తలంబ్రాలప్పుడు మధుపర్కాలు కడతాం కదా, వాటిని దయచేసి నూలువే ఉంచండి. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోసేటప్పుడు ఉతికితే మరక పోయే బట్ట ఒంటి మీద ఉండాలి. ఈ మధ్య అవీ పట్టువే కొంటున్నారు. ఆ పసుపు మరకలు తర్వాత ఎవరూ తీయలేకపోతున్నారు.

కట్టుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఫాల్ గుడ్డ నూలుదైతే ముందురోజు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టించాలి. లేకపోతే మొదటిసారి తడవగానే అది కుంచించుకుపోతుంది, పట్టు మాత్రం అలాగే ఉంటుంది. దాంతో అంచంతా ముడతలు పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. దోపుకునే కొస నుంచి జానెడు వదిలి మొదలుపెట్టాలి. సన్న సూదితో ఒకటి రెండు పోగులే అందుకుంటూ చేత్తో హెమ్మింగ్ చేయాలి. జరీ అంచు మీద మిషను కుట్టు వేయించవద్దు, సూది దిగినచోటల్లా వెండి తీగ తెగుతుంది. చెప్పులు వేసుకున్నాకే కుచ్చిళ్లు పెట్టుకోండి, ఎత్తు సరిగ్గా తెలుస్తుంది. సెంటు చీర కట్టకముందే కొట్టుకుని, తడి ఆరాక కట్టుకోండి. సెంటు పడినచోట రంగు దిగిపోతుంది, జరీ నల్లబడుతుంది.

పిన్నీసు సంగతి మాత్రం దాటిపోలేను. బరువైన కొంగు మొత్తాన్ని భుజం మీద ఒక్క పిన్నీసుకు వేలాడదీస్తారు. సాయంత్రానికి అక్కడ పోగులు చీలి కన్నం సాగి ఉంటుంది. రెండు పిన్నీసులు వాడండి. రవికె లోపలి వైపు నుంచి గుచ్చి, జరీ లేనిచోట పైకి తీయండి. పిన్నీసు చివర చుట్ట ఉంటుంది చూశారా, పోగు ఎప్పుడూ అందులోనే ఇరుక్కుంటుంది. గుచ్చేముందు ఒక చిన్న బొత్తాన్ని చుట్ట దాకా ఎక్కిస్తే బట్ట అక్కడిదాకా వెళ్లదు. ముందురోజు రెండు నిమిషాల పని.

మగవారి పంచె, కండువా గురించి కూడా రాసుకొచ్చాను. నిర్వాహకులు చీటీ పంపారు, సమయం పది నిమిషాలేనట. పంచె వదిలేస్తాను. దాచుకోవడం మాత్రం వదలను, నేను వచ్చిందే దానికోసం.

అమ్మా, ఇంటికెళ్లగానే బీరువా తెరవండి. కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే చీర ఉందా? ముందు దాన్ని బయటికి తీయండి. చీరలో మిగిలిన చెమట తడి ఆ కవరులో బయటికి పోదు. వానాకాలంలో లోపలే బూజు పడుతుంది. పాత న్యూస్‌పేపరు చుట్టి పెట్టడమూ మంచిది కాదు, కాగితంలోని ఆమ్లం పట్టును పసుపు పచ్చగా మారుస్తుంది. కలరా ఉండలు చీర మడతల మధ్య వేస్తారు. వాటికి తగిలిన జరీ రంగు మారుతుంది, ఆ వాసన ఎంత ఆరబెట్టినా వదలదు. పురుగు భయం ఉంటే ఎండిన వేపాకు చిన్న గుడ్డసంచిలో కట్టి అరమూలన పెట్టండి, చీరకు తగలకూడదు. చుట్టడానికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు పంచెను మించింది లేదు. గంజి పెట్టనిదై ఉండాలి. గంజి ఉంటే పురుగుకు మనమే భోజనం పెట్టినట్టు.

పెళ్లినాటి రాత్రి విప్పిన చీరను వెంటనే మడవకండి. పిన్నీసులన్నీ తీసి, నీడలో ఫ్యాను గాలికి రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఎండ వద్దు, పట్టును అది బలహీనపరుస్తుంది. తర్వాత వెలుతురులో మరకలు వెతకండి. నూనె మరకైతే టాల్కం పౌడరు చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి. పసుపు మరక మీద సబ్బు వేయకండి, సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పానకం, కూల్‌డ్రింక్ ఒలికినచోటు ఆ రాత్రికి కనిపించదు. కొన్ని నెలలకు గోధుమరంగు మచ్చగా తేలుతుంది, పురుగు ముందు అక్కడికే వస్తుంది. ఒలికినట్టు గుర్తుంటే ఆ చోట దారంతో గుర్తు కట్టి, ఏమి ఒలికిందో చీటీ రాసి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఏ మరకో తెలియకపోతే వాళ్లు మాత్రం ఏ మందు వాడతారు?

ఇప్పుడు ఈ బల్ల మీదున్న చీర చూడండి. ఇద్దరు ముందుకు రండమ్మా, చెరో కొస పట్టుకోండి. ఈ అడ్డగీతలు కనిపిస్తున్నాయా? ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండటం వల్ల పడ్డవి. కొంగు మీద ఈ గీతను వేలితో తడిమి చూడండి, గరుగ్గా తగులుతుంది. అక్కడ జరీలోని రేకు విరిగి లోపలి దారం బయటపడింది. దీనికి మందు లేదు. రాకుండా చూసుకోవడమే. మూడు నెలలకోసారి, వాన లేని పొడి రోజున చీర విప్పి, నీడలో గంటసేపు ఆరబెట్టి, మడత మార్చండి. పోయినసారి వెడల్పును నాలుగు మడతలు చేస్తే ఈసారి మూడు చేయండి. పాత గీత కొత్త మడత మీద పడకుండా, రెండు మడతల మధ్య చదునుగా ఉన్నచోటికి రావాలి. వంపు దగ్గర ఇలా గుడ్డచుట్ట పెట్టండి, మడత పదునుగా పడదు. జరీ మీద జరీ ఒరుసుకోకుండా మధ్యలో పలుచటి నూలుగుడ్డ పరవండి. ఆఖరికి దీని మీద ఇంకో పది చీరలు పేర్చకండి. ఒకదాని మీద ఒకటి పెట్టక తప్పకపోతే బరువైన చీర అన్నింటికంటే అడుగున ఉండాలి. సన్నటి తీగ హ్యాంగరుకూ తగిలించకండి, అక్కడే విరుగుతుంది. వీలుంటే లావాటి అట్టగొట్టానికి నూలుగుడ్డ చుట్టి దాని మీద చీరను చుట్టేయండి. అసలు మడతే ఉండదు.

జరీ నల్లబడిందని చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు పెట్టి రుద్దకండి. పైనున్న బంగారు పూతే ముందు పోతుంది. మెరుపు తగ్గిందని కట్టిన ప్రతిసారీ రోల్ పాలిష్‌కు ఇవ్వకండి. ఆ గంజి పట్టుకు బిరుసు తెస్తుంది, బిరుసెక్కిన బట్ట మడత దగ్గర ముందు తెగుతుంది. ఇంట్లో ఇస్త్రీ చేయాలంటే పట్టు గుర్తు దగ్గర వేడి పెట్టి, తిరగవైపున, పైన నూలుగుడ్డ వేసి చేయండి. నీళ్లు చిలకరిస్తే చుక్కల మరకలు ఉండిపోతాయి. ప్లాస్టిక్ జరీ అయితే వేడికి ముడుచుకుపోతుంది, మరీ జాగ్రత్త.

అన్నింటికన్నా ముఖ్యం, కట్టండి. ఏడాదికి రెండు మూడుసార్లు కట్టే చీరకు గాలి తగులుతుంది, మడత మారుతుంది, చిన్న మరక కంటపడుతుంది. మేనకోడలి ఓణీలకు, పక్కింటి సీమంతానికి, గృహప్రవేశానికి అదే పెళ్లిచీర కట్టండి. ‘అందరూ చూసేశారు’ అని బీరువాలో పడేయకండి. ఈ మాట నేను ఎన్ని సభల్లోనైనా చెబుతాను, మళ్లీ చెబుతున్నాను: కట్టండి.

చీరలు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. కొంగు కొసన పోగు తీసి ఏ జరీనో చూద్దాం. మడత దగ్గర చీలినవాటిని విడిగా పెట్టండి. అడుగున సన్న నెట్ వేసి ఎక్కడ రఫ్ఫు చేయించుకోవచ్చో గుర్తులు పెట్టిస్తాను. తలకు నూనె రాసుకుని వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకున్నాకే జరీ ముట్టుకోండి. నమస్కారం.