ఫైబర్ ఎక్కడుందో ఎవరికి తెలుసు?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ సార్ ఆప్టికల్ ఫైబర్ గురించి, అంటే నెట్‌ని వెలుతురుగా మోసే సన్నని గాజు తీగ గురించి, పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ లాంటివి మీ మేడం గారు బోర్డు మీద చెప్పే ఉంటారు, నేను వాటి జోలికి పోను, మట్టి సంగతి మాట్లాడతా. ఎందుకంటే మీలో ఎవరైనా ఈ ఫీల్డ్‌లోకి వస్తే మొదటి రోజు చూసేది లేజర్ కాదు, జేసీబీ.

మన దేశంలో ఏటా దాదాపు 10 లక్షల ఫైబర్ కట్స్ అవుతున్నాయని, 3000 కోట్ల దాకా నష్టం వస్తోందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. డ్రైనేజీకి ఒకళ్ళు, మంచినీళ్ళకి ఒకళ్ళు, రోడ్డు వెడల్పుకి ఇంకొకళ్ళు, ఎవరి పాటికి వాళ్ళు తవ్వేయడమే. అందుకే 2023 మార్చి 22న కాల్ బిఫోర్ యు డిగ్ అని ఒక యాప్ మొదలుపెట్టారు, తవ్వేవాళ్ళు ముందు అందులో చెప్తే ఆ చోట లైన్లున్న కంపెనీలకి కబురు పోతుంది. ఐడియా మంచిదే, కానీ కబురు అందుకున్నవాడికి తన కేబుల్ రోడ్డుకి ఏ పక్కన ఉందో, ఎంత లోతులో ఉందో తెలియాలి కదా! అక్కడే వస్తుంది తంటా.

మన రెండు రాష్ట్రాలు రెండు దార్లు పట్టాయి చూడండి. ఆంధ్రలో ఫైబర్ గ్రిడ్ అని ప్రభుత్వం ఇళ్ళకి నెట్ ఇచ్చే లైన్లు వేసినప్పుడు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు, తవ్వకం లేదు కాబట్టి తొందరగా అయింది, ఖర్చూ తగ్గింది, 149 రూపాయల ప్లాన్ ఇచ్చారు. తెలంగాణలో అలాంటిదే టీ-ఫైబర్, వాళ్ళు మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం ఎలాగూ తవ్వుతున్నారు కదా అని అదే ట్రెంచ్‌లో డక్ట్, అంటే కేబుల్ దూర్చే గొట్టం, వేసే పద్ధతి పెట్టుకున్నారు. రెండింటికీ తిప్పలున్నాయి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో స్తంభాలు ఎలా పడిపోయాయో మీ అమ్మానాన్నలని అడగండి, తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి అక్కడ కరెంటు లైన్లనే భూమిలోకి దించారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ఐదుగురు పోయారు, ఆ వెంటనే కరెంటు స్తంభాల మీది నెట్ కేబుళ్ళు కట్ చేయడం మొదలుపెట్టారు, చాలా ఏరియాల్లో నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. భూమిలో ఉంటే ఈ బాధ లేదు. కానీ నీళ్ళ పైపు లీకైతే తవ్వేది మన డక్ట్ పక్కనే, అది మర్చిపోకండి. నన్నడిగితే ఊళ్ళో భూమిలోనే వేయాలి, ఖర్చయినా సరే.

సరే, వేయడం ఎలా అంటే, రూల్ ప్రకారం లోతు 1.65 మీటర్లు, అంటే ఇంచుమించు ఐదున్నర అడుగులు. నల్లరేగడిలో హాయిగా దిగుతుంది, మన దగ్గర చాలా చోట్ల మూడడుగులకే రాయి తగులుతుంది, అప్పుడు సబ్ కాంట్రాక్టర్ ఏం చేస్తాడు, సార్ ఇక్కడ రాయి సార్ అని ఫోన్ చేస్తాడు. లోతు తగ్గితే పైన జీఐ ఇనుప పైపో కాంక్రీటో వేసి కాపాడాలి, ఆ తక్కువ లోతుని ఎం.బీ.లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఉన్నది ఉన్నట్టు రాయాలి. చాలా చోట్ల రాసేది మాత్రం 1.65నే, ఎందుకంటే లేకపోతే బిల్లులో కోత పడుతుంది. ఆ ఒక్క అంకె వల్ల ఐదేళ్ళ తర్వాత ఎవడో అక్కడ నాలుగడుగులు తవ్వితే ఏం కాదులే అనుకుని తవ్వుతాడు, నెట్ పోతుంది.

ట్రెంచ్‌లో కేబుల్ నేరుగా పాతరు, ముందు హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ డక్ట్ వేస్తారు, పైన వార్నింగ్ టేపు పరిచి పూడుస్తారు. తర్వాత కంప్రెసర్ పెట్టి గాలితో కేబుల్ ఊదుతారు, డక్ట్ బాగుంటే కిలోమీటరు దాటి కూడా ఒకే ఊపులో పోతుంది. డక్ట్ చివర ప్లగ్ పెట్టకుండా వదిలేశారనుకోండి, ఒక్క వానకి బురద నిండుతుంది, ఇక కేబుల్ అంగుళం కదలదు, కంప్రెసర్ అద్దె మాత్రం మీటర్ తిరుగుతూనే ఉంటుంది. రెండు రూపాయల కక్కుర్తి ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి.

ఇప్పుడు కట్ అయింది అనుకుందాం. ఓటీడీఆర్ అనే మెషీన్ పెడతాం, అది ఫైబర్‌లోకి వెలుతురు పంపి, తిరిగొచ్చిన టైమ్ బట్టి ఎంత దూరంలో తెగిందో చెప్తుంది. కొత్తవాళ్ళు 8 కిలోమీటర్ల 400 మీటర్లు అని స్క్రీన్ మీద చూడగానే బండి మీటర్ చూసుకుంటూ పోయి సరిగ్గా అక్కడ తవ్వేస్తారు, ఏమీ దొరకదు. అది చెప్పేది గాజు పొడుగు, రోడ్డు పొడుగు కాదు తమ్ముడూ. ప్రతి జాయింట్ దగ్గర చాంబర్‌లో, అంటే భూమిలో కట్టిన గుంటలో, కొన్ని మీటర్ల కేబుల్ లూప్ చుట్టి వదులుతాం, పైగా కేబుల్ లోపల ఫైబర్ కాస్త మెలి తిరిగి ఉంటుంది కాబట్టి కేబుల్ కంటే అదే పొడుగు. అంటే అసలు కట్ 8.4 కంటే ఇవతలే ఉంటుంది. ఎంత ఇవతల అనేది రూట్ డ్రాయింగ్‌లో జాయింట్లు, లూపులు రాసి ఉంటేనే తెలుస్తుంది. డ్రాయింగ్ ఉంటే అరగంట పని, లేకపోతే ఊళ్ళో పెద్దాయన్ని పట్టుకుని అప్పుడు ఎక్కడ తవ్వారు తాతా అని అడగాలి, నిజంగా అడుగుతాం, చాలాసార్లు ఆయనకే గుర్తుంటుంది.

దొరికాక స్ప్లైసింగ్, అంటే అతకడం. ఫైబర్ మందం 125 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, అందులో వెలుతురు పోయే దారి 9 మైక్రాన్లే, అంత సన్నటివి రెండు చివర్లు ఎదురెదురుగా పెట్టి కరెంటు ఆర్క్‌తో కరిగించి అతకాలి. కోటింగ్ తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో నున్నగా కట్ చేయాలి. రోహిణి కార్తెలో రోడ్డు పక్కన గాలి దుమ్ములో ఇది చేయడం అంటే... అందుకే వ్యాన్‌లో కూర్చునో టార్పాలిన్ కట్టుకునో చేస్తారు. బాగా పడితే లాస్, అంటే ఆ అతుకు దగ్గర పోయే వెలుతురు, 0.05 డీబీ లోపే వస్తుంది. కానీ రంగులు చూసుకోవాలి, బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్ అని వరసగా పన్నెండుంటాయి, చీకట్లో బ్రౌన్‌కి రెడ్ కలిపారంటే లాస్ తక్కువే చూపిస్తుంది, కానీ ఒక ఊరి నెట్ ఇంకో ఊరికి పోతుంది.

ఇంకో మాట, పంచాయతీలకి నెట్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు భారత్‌నెట్‌లో మొదట చాలా చోట్ల బ్లాక్, అంటే మన మండలం లాంటిది, అక్కడి నుంచి పంచాయతీలకి ఒకే లైన్‌గా వేశారు, మధ్యలో తెగితే ఆ అవతల ఊళ్ళన్నీ ఆగిపోతాయి. 2023లో ఒప్పుకున్న 1,39,579 కోట్ల సవరించిన ప్రోగ్రాంలో రింగ్ పెట్టారు, ఒక పక్క తెగితే ఇంకో పక్క నుంచి ట్రాఫిక్ తిరిగొస్తుంది. ఇదీ మంచిదే గానీ ఇక్కడొక మోసం ఉంది, రింగ్‌లో ఒక పక్క తెగినా కస్టమర్ ఎవరూ కంప్లైంట్ చేయరు, ఎవరూ అడగడం లేదని రిపేర్ వాయిదా వేస్తారు, ఈలోగా రెండోది తెగుతుంది. అందుకని ఫోన్లు రాలేదు కదా అని కూర్చోకుండా అలారం చూసి కదలాలి.

ఇక మాటలు చాలు. వెనక టేబుల్ మీద స్ప్లైసింగ్ మెషీన్, ఓటీడీఆర్ పెట్టాం, ఐదుగురైదుగురు రండి, ఫ్యాన్ ఆపేయండి. కట్ చేసిన ముక్కలు నేల మీద పడేయొద్దు, మూత డబ్బా అక్కడే ఉంది, వేలికి గుచ్చుకుంటే కనపడదు గానీ రెండు రోజులు సలుపుతుంది. ఫైబర్ చివర కంటి దగ్గర పెట్టుకుని అస్సలు చూడొద్దు. ముందు అమ్మాయిల బ్యాచ్ రండమ్మా.