ఉయ్యాల బల్ల అంచుకి చాంఫర్ బిట్

(తెర మీద: టేకు బల్ల అంచు, బాగా దగ్గరగా)

కోనసీమ మండువా ఇళ్లలో ఉయ్యాల బల్ల చూసే ఉంటారు. కాసేపు కూర్చోగానే మోకాళ్ల వెనక ఒత్తుకుంటోందంటే, ఆ అంచుని ఏటవాలుగా తీయలేదన్నమాట. ఇంకో గొడవ కూడా ఉందండి. వాడిగా ఉన్న మూల మీద వార్నిష్ పల్చబడిపోతుంది. మన వానలకి తేమ ముందు దూరేది అక్కడే.

చిత్రికతోనూ ఈ పని అవుతుంది. కానీ నాలుగు వైపులా ఒకే వెడల్పు రావాలంటే రూటర్‌కి, అంటే చెక్క అంచులు చెక్కే కరెంటు మిషన్‌కి, చాంఫర్ బిట్ (అంచుని ఏటవాలుగా కోసే పళ్లు) బిగించడమే సుఖం.

(తెర మీద: చేతిలో బిట్)

ఇది 45 డిగ్రీల బిట్. 6 మిల్లీమీటర్లు దించితే ఏటవాలు పైనా అంతే లోపలికి వస్తుంది. అడుగున ఈ చిన్న బేరింగ్ బల్ల పక్కని ఆనుకుని దొర్లుతుంది. పక్కన గుంట ఉంటే అందులోకి దిగి, ఆ వంకరే పైనా దించేస్తుంది. కాబట్టి ముందు చిత్రిక పట్టండి. టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీలు బిట్ త్వరగా మొద్దుబారుతుంది. కార్బైడ్‌దే కొనండి.

ప్లగ్ పీకేశాకే బిట్ మార్చాలి. షాంక్‌ని, అంటే బిట్ కాడని, కొలెట్‌లో (రూటర్‌లో బిట్‌ని పట్టుకునే బిగింపు) అడుగుదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి.

(తెర మీద: బల్ల చివర, రూటర్ నడుస్తూ)

అసలు కిటుకు ఇక్కడుంది. అడ్డంగా కోసిన రెండు చివర్లూ ముందు, పొడుగు అంచులు తర్వాత. బిట్ బయటికొచ్చే మూల దగ్గర పెచ్చు లేస్తుంది. ఇదిగో, లేచింది. టెన్షన్ పడకండి, పొడుగు అంచు తీసేటప్పుడు ఆ పెచ్చు కూడా పోతుంది. వరస తిరగేశారో, అది అలాగే మిగిలిపోతుంది.

అంచు మీ వైపు ఉంటే రూటర్ ఎడమ నుంచి కుడికి నడవాలి. ఎదురు నడిపితే బిట్ చెక్కని పట్టుకుని ముందుకి పరిగెడుతుంది, చేతిలో ఆగదు. లోతు ఒకేసారి 6 కాదు, ముందు 3 మిల్లీమీటర్లు, తర్వాత మిగతాది. మధ్యలో ఆగితే టేకు నల్లగా కాలిపోతుంది, ఆ మచ్చ గరుకు కాగితంతో ఓ పట్టాన పోదు.

(తెర మీద: బల్ల తిరగేస్తూ)

అడుగు వైపూ ఇలాగే. ఈ బల్ల మందం 40 మిల్లీమీటర్లు. పైన 6, కింద 6 పోయినా బేరింగ్ ఆనడానికి 28 మిగులుతుంది. అదే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి రెండు వైపులా 6 తీయబోతే బేరింగ్‌కి చోటే ఉండదు. దానికి 2 చాలు.