పాత బాస్ ఆంప్‌లో హమ్: విప్పే ముందు దాని శ్రుతి వినండి

నమస్కారం అండీ. ఈ వీడియో మాత్రం దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఫోన్ స్పీకర్‌లో 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 కంపనాల స్వరం, వినపడదు. ఇవాళ మన పనంతా అలాంటి లోతైన మోత, అంటే హమ్, చుట్టూనే.

ఇదిగో, ఇది 1970ల నాటి ఫెండర్ బాస్‌మ్యాన్ 50, బాస్ గిటార్ ఆంప్లిఫయర్. ఇక్కడే చెన్నైలో, కోడంబాక్కంలో రికార్డింగులకు వాయించే ఒక అన్నది. వెనకాల రెండు పెద్ద 6ఎల్6 ట్యూబులు, పక్కన మూడు చిన్నవి. బాస్ పెట్టి వాయిస్తే ఒళ్లు పులకరిస్తుంది, అంత బాగుంటుంది. కానీ వాయించడం ఆపగానే ఇదిగో, వినండి.

[హమ్: పది సెకన్లు, ఎవరూ మాట్లాడకూడదు]

ఈ మోతతో దీని ముందు మైకు పెట్టలేం. ఇలాంటి ఆంప్ చేతికి రాగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసి, కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేస్తారు. వద్దండీ. డబ్బు వృథా, పైగా అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండానే పోతుంది. హమ్‌కి ఒక శ్రుతి ఉంటుంది. ముందు అది పట్టుకోండి.

అమెరికా వాళ్ల వీడియోల్లో 60, 120 అంటారు, వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అందుకని మన దగ్గర హమ్ 50 గానీ 100 గానీ ఉంటుంది. బాస్ వాయించేవాళ్లకి ఇందులో ఒక అదృష్టం ఉంది. లావు స్ట్రింగు మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ 49 హెర్ట్జ్. సన్న స్ట్రింగు ఓపెన్‌గా మీటితే వచ్చే జీ 98. అంటే రెండు హమ్‌లూ జీ పక్కనే, కొంచెం పైశ్రుతిలో ఉంటాయి, ఒకటి కింది స్థాయిలో, ఒకటి పై స్థాయిలో. మీటి చూస్తాను.

[ముందు మూడో ఫ్రెట్ జీ, తర్వాత ఓపెన్ జీ, హమ్‌తో కలిపి]

రెండోదానితో కలిసింది, విన్నారా? స్వరం ఊగుతోంది, సెకనుకి సుమారు రెండుసార్లు. 98కీ 100కీ ఉన్న తేడా అదే. కాబట్టి మనది 100 హెర్ట్జ్.

100 అంటే ఏమిటి? ఆంప్ లోపల డయోడ్లు ఏసీని డీసీగా మార్చేటప్పుడు ప్రతి సైకిల్లో రెండు ఎగుళ్లు వస్తాయి. వాటిని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు నీరసిస్తే ఆ ఎగుళ్లు స్పీకర్ దాకా వచ్చేస్తాయి. అదే 50 అయితే దారి వేరు. ట్యూబుల ఫిలమెంటుకి వెళ్లే 6.3 వోల్టుల ఏసీ, ఎర్త్ లూప్ (కలిపిన పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి చేరడం), ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే పోయే వైరు, లేదా బయాస్ సప్లై, అంటే పవర్ ట్యూబుల కరెంటుని అదుపులో ఉంచే వోల్టేజీ. బయాస్‌కి చాలావరకు ఒకే డయోడ్ ఉంటుంది, సైకిల్‌కి ఒక్క ఎగుడే, అందుకే అక్కడ 50. 50 మెత్తగా, లోతుగా 'మ్మ్' అంటుంది. 100 కాస్త గరుకు.

సరే, ఆంప్‌ని అనుమానించే ముందు గదిని చూద్దాం. తమ్ముడూ, ఆ ఫ్యాన్ ఆపు.

[ఫ్యాన్ ఆగుతుంది]

పైన వినిపించే జిర్రుమనే చప్పుడు పోయింది, కింద మోత అలాగే ఉంది. అది రెగ్యులేటర్ పని. మెల్లగా తిప్పే పాతరకం రెగ్యులేటర్లు బాగా చప్పుడు పెడతాయి. టక్ టక్ మని మెట్లుగా తిరిగేవాటిలో చాలావరకు కెపాసిటర్లే ఉంటాయి, వాటితో ఇబ్బంది తక్కువ. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి మాత్రం హమ్ వెతక్కండి, అప్పుడు వినిపించేదంతా ఇన్వర్టరే. ఇది 120 వోల్టుల ఆంప్, అందుకని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాన్ని ఆంప్ నెత్తిన పెట్టకండి, దూరంగా జరపండి.

ఇప్పుడు ఎర్త్. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఇక్కడి పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనకాల వైరు ఉండదు. మీటర్ పెట్టి చూడండి: ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దాకా రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు. అలా లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆంప్ సంగతి తర్వాత. లాప్‌టాప్‌కో మిక్సర్‌కో కలిపినప్పుడు మాత్రమే 50 హెర్ట్జ్ వస్తోందంటే అది ఎర్త్ లూప్. దానికి డీఐ బాక్స్‌లో (సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి వాడండి, అది సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ పీకేస్తే హమ్ పోతుందని ఎవరైనా చెబితే వినకండి. మీ వేళ్ల కింద ఉన్న స్ట్రింగులు కేబుల్ గుండా ఈ ఇనప చాసిస్‌కే, అంటే ఆంప్ లోపలి ఇనప చట్రానికే, కలిసి ఉంటాయి. లోపల ఏదైనా షార్ట్ అయితే ఆ కరెంటు పోవడానికి మిగిలే దారి మీరే.

అందుకే వెనకున్న ఈ గ్రౌండ్ స్విచ్చి కూడా చూపించాలి. దీనికీ చాసిస్‌కీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. అది షార్ట్ అయితే మెయిన్స్ నేరుగా చాసిస్ మీదికి వస్తుంది. దాన్ని డెత్ క్యాప్ అనడం ఊరికే కాదు. చాలా స్టెప్‌డౌన్‌లు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిలో మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ఉండదు కాబట్టి మన దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. అది తీసేసి, సరైన మూడు వైర్ల తీగ వేయించండి.

ఇక బాస్ నుంచి ఆంప్‌కి వచ్చే కేబుల్ పీకేస్తున్నాను. హమ్ అలాగే ఉంది, అంటే గిటార్ తప్పు కాదు. కేబుల్ పీకితే పోయేదైతే బాస్ పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగండి. దిక్కు మారేకొద్దీ హమ్ పెరిగి తగ్గితే పికప్ (స్ట్రింగుల కంపనాన్ని పట్టే భాగం) దాన్ని గాల్లోంచి లాగుతోంది. జాజ్ బాస్ అయితే రెండు వాల్యూములూ పూర్తిగా పెట్టండి, చాలావాటిలో రెండు పికప్‌లూ ఒకదాని హమ్ ఒకటి కొట్టేసుకుంటాయి.

వాల్యూమ్ సున్నాకి తెస్తున్నాను. మోత ఏమాత్రం తగ్గలేదు. తగ్గి ఉంటే వాల్యూమ్ కంటే ముందున్న భాగంలో వెతికేవాణ్ణి: మొదటి ట్యూబు, ఇన్‌పుట్ జాక్. సముద్రపు గాలికి ఈ ఊళ్లో జాకులు తొందరగా చిలుము పడతాయి. ఏమీ గుచ్చనప్పుడు ఇన్‌పుట్‌ని ఎర్త్‌కి కలిపి ఉంచే చిన్న రేకు ఒకటి ఉంటుంది, అది తాకకపోతే ఖాళీ ఆంప్ కూడా మోగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ఇక్కడ ఆ అవసరం లేదు.

ఆంప్ ఆపి, ట్యూబులు చల్లారాక, పెద్ద ట్యూబుల పక్కనున్న ఈ చిన్న 12ఏటీ7 తీసేస్తున్నాను. ఇది ఫేజ్ ఇన్వర్టర్, సిగ్నల్‌ని రెండుగా చీల్చి పెద్ద ట్యూబులకి పంపేది. దీని ముందున్నవేవీ ఇప్పుడు స్పీకర్‌ని చేరలేవు. స్పీకర్ మాత్రం తగిలించే ఉండాలి, ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. ఇప్పుడు ఆన్ చేస్తే... ఉంది. అదే 100. కాబట్టి పవర్ ట్యూబులు గానీ, పవర్ సప్లై గానీ. జత సరిగా కుదిరిన 6ఎల్6లు సప్లైలోని రిపుల్‌ని, అంటే చదును కాని ఆ ఎగుళ్లని, చాలావరకు ఒకదానికొకటి కొట్టేస్తాయి, జత చెడితే అది పైకి వినిపిస్తుంది. నా దగ్గరున్న మంచి జత పెట్టి చూశాను. కొంచెం తగ్గింది, పోలేదు. ఇక విప్పాల్సిందే.

[చాసిస్ బయటికి. క్లోజప్]

ప్లగ్గు గోడ నుంచి పీకి, కళ్లెదుట పెట్టుకోండి. ఆపేసినా ఇందులో 400 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు. ఒక చెయ్యి జేబులో. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్, ఒక కొస క్లిప్‌తో చాసిస్‌కి, ఇంకో కొస ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్‌తో ప్రతి కెపాసిటర్ ప్లస్‌కి. మీటర్‌లో చూడండి: 380... 120... 30... 4. పది వోల్టుల లోపుకి వచ్చాకే వేలు పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం వద్దు.

ఈ రేకు డబ్బా కింద ఉన్నవే ఫిల్టర్ కెపాసిటర్లు. మూడో దాని చివర రబ్బరు చుట్టూ గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది, చూశారా? లోపలి ద్రవం బయటికి వచ్చి ఎండిపోయింది. చూసి నమ్మడం కన్నా కొలిచి నమ్ముదాం. 1000 వోల్టులు తట్టుకునే మీటర్ క్లిప్పులు ఇప్పుడే, అన్నీ ఖాళీగా ఉన్నప్పుడే పెట్టి, ఏసీలోకి మార్చి, చేతులు తీసి ఆన్ చేస్తున్నాను. మొదటి మెట్టు, అంటే డయోడ్ల తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్, దగ్గర 17 వోల్టుల రిపుల్. ఇలాంటి ఆంప్‌లో అయిదారు వోల్టులైతే మామూలే అనుకోవచ్చు. 17 అంటే ఇవి పని మానేశాయి.

మళ్లీ ఆపి, ఖాళీ చేసి, మార్చేయడమే. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే ముందు 450 వోల్టులవి చేతిలో పెడతారు. వద్దనండి. స్టాండ్‌బై స్విచ్చి తీసిన మొదటి క్షణాల్లో వోల్టేజీ అంతకు మించి ఎగబాకవచ్చు. మధ్య మెట్లకి 22 మైక్రోఫారడ్, 500 వోల్టులు తీసుకోండి. మొదటి మెట్టులో 350 వోల్టులవి రెండు సిరీస్‌లో ఉంటే, వాటి మీదున్న 220 కిలో ఓమ్ రెసిస్టర్లు కూడా మార్చండి. వోల్టేజీని సమానంగా పంచేవీ, ఆపాక ఖాళీ చేసేవీ అవే. బయాస్ కెపాసిటర్ మారుస్తుంటే దాని ప్లస్ చాసిస్ వైపు ఉండాలి, బయాస్ మైనస్ వోల్టేజీ కాబట్టి. తిరగేసి వేస్తే అది పాడై, బయాస్ పోయి, పవర్ ట్యూబుల ప్లేట్లు ఎర్రగా కాలిపోతాయి.

[కొత్త కెపాసిటర్లతో ఆన్]

రిపుల్ 5. 12ఏటీ7 కూడా తిరిగి పెట్టేశాను. హెడ్‌ఫోన్స్‌లో ఏమైనా వినిపిస్తోందా? అడుగున సన్నగా మెత్తటి 50 ఒకటి మిగిలింది, ఇంతసేపూ 100 కింద దాగి ఉన్నది. 1968 తర్వాతి ఫెండర్లు చాలావాటిలో రెండు పవర్ ట్యూబుల బయాస్‌నీ సరితూచే పాట్, అంటే తిప్పి సర్దే చిన్న రెసిస్టర్, ఒకటి ఉంటుంది. ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌తో నిదానంగా తిప్పుతున్నాను... ఇక్కడ, ఈ చోట అన్నింటికన్నా తక్కువ. ఇంకొంచెం తిప్పితే మళ్లీ పెరుగుతుంది. వెనక్కి తెచ్చి వదిలేశాను.

ఈ పాట్ రెండు ట్యూబులనీ సమానం చేస్తుందే తప్ప, ఎంత కరెంటు లాగుతున్నాయో చెప్పదు. అది కొలవందే ఆంప్ అన్నకి ఇవ్వను. అరగంట వేడెక్కనిచ్చి, వచ్చే వీడియోలో ఈ చాసిస్ మీదే కొలిచి చూపిస్తాను.