గ్రీజు ఎక్కడ, పట్టు ఎక్కడ

(విజయవాడ ఆటోనగర్‌లో కుర్ర మెకానిక్‌ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

మేస్త్రిగార్లకూ, తమ్ముళ్లకూ నమస్కారం.

ఘర్షణ అనగానే మనకి అరుగుదల, వేడి, ఖర్చు గుర్తొస్తాయి. కానీ అది లేకపోతే బెంజ్ సర్కిల్లో ఒక్క బండీ కదలదు, కదిలింది ఆగదు. టైరు రోడ్డుని పట్టాలి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ని పట్టాలి. బేరింగులో మాత్రం వీలైనంత తగ్గాలి, అందుకే అక్కడ గ్రీజు.

ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి పట్టే బలం కన్నా, జారుతున్నదాన్ని జరపడానికి పట్టేది తక్కువ. కూలుంబ్ అనే ఫ్రెంచి ఇంజినీరు దీన్ని ప్రయోగాలు చేసి లెక్కగట్టాడు, 1785లో అది అచ్చయింది. చక్రం తిరుగుతున్నంతసేపే రోడ్డు మీద గట్టి పట్టు. బ్రేకు తొక్కినప్పుడు అది బిగుసుకుపోయి జారితే పట్టు తగ్గుతుంది, స్టీరింగు మాట వినదు. చక్రం అలా బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెట్టింది అందుకే.

ఇక హబ్బు, అంటే బేరింగులుండే చక్రం మధ్యభాగం సంగతి. గ్రీజుని లోపలే ఆపే సీలు పోతే, అది కారి బ్రేకు లైనర్‌కి, అంటే డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీకి, పడుతుంది. కుడి ముందు చక్రానికి అలా జరిగితే, బ్రేకు తొక్కినప్పుడు బండి ఎడమకి లాగేస్తుంది. అప్పుడు ఓనరు అంటాడు: "రాత్రికి లోడెక్కాలి తమ్ముడూ, పెట్రోలుతో తుడిచి బిగించెయ్." మనం "సరే అన్నా" అనేస్తాం. గొడవ తప్పుతుంది. ఆ "సరే" కూడా లైనరు మీద పడ్డ గ్రీజే. మర్యాదగా మాట్లాడండి, కుర్చీ వేసి టీ ఇప్పించండి. కానీ "సీలూ లైనర్లూ మార్చందే బండి ఇవ్వను" అన్న మాట దగ్గర మాత్రం జారకండి. ఓనరు కోప్పడితే పడనివ్వండి. ఆ లారీ ముందు స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లుంటారు.

మేస్త్రిగార్లకి నాదొక మనవి. నట్టు బిగించడం మర్చిపోయిన కుర్రాడు మీ తిట్లకి భయపడి నోరు మూసుకుంటే, ఆ చక్రం రోడ్డు మీద ఊడుతుంది. తప్పు చెప్పుకున్నవాణ్ణి అందరి ముందూ తిట్టకండి. పని మళ్లీ దగ్గరుండి చేయించండి, చాలు. ఇక్కడ కరుకుదనం వల్ల ఒక్క బండీ బాగుపడదు.

బల్ల మీద రెండు లైనర్లు పెట్టాను. గ్రీజు పట్టింది నల్లగా నిగనిగలాడుతోంది, రెండోది మంచిది. ఒక్కొక్కరూ వచ్చి పట్టుకు చూడండి. దుమ్ము మాత్రం నోటితో ఊదకండి, ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డ అక్కడే ఉంది.