తడి రోడ్డు మీద 47 గుర్రాలు

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పిల్లకాయలు హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చూడటానికి సంతోషంగా ఉంది. వెనక కూర్చున్న అమ్మానాన్నలకు ఒక మాట. పెద్ద బండి కొనొద్దని చెప్పడానికి నేను రాలేదు. నాకూ 650 సీసీ బండి ఉంది. ఈ పొద్దు కావలి నుంచి నెల్లూరికి దాని మీదే వచ్చాను. దారి పొడవునా జల్లు పడుతూనే ఉంది. ఈ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి బండిని ఎలా నడపాలో నాకు తెలిసింది చెప్పి పోదామని వచ్చాను.

వాన విషయంలో మన జిల్లా తీరే వేరు. తెలంగాణలో, గోదావరి జిల్లాల్లో జూన్, జూలైలలోనే రోడ్లు బాగా తడుస్తాయి. మనకు ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. అందాకా హైవే మీద లారీలు కార్చిన ఆయిలు, టైర్ల రబ్బరు పొడి, కృష్ణపట్నం వైపు రోడ్లలో బొగ్గు పొడి అన్నీ తారుకు అంటుకుని ఉంటాయి. మొదటి జల్లు పడగానే అవి పైకి తేలి సన్నటి జిడ్డు పొరలా పరుచుకుంటాయి. గంటసేపు కుండపోతగా కురిస్తే ఆ పొర కొట్టుకుపోతుంది, రోడ్డు కొంత నయమవుతుంది. కాబట్టి అన్నిటికంటే ప్రమాదం పెద్ద వాన కాదు, మొదటి పదిహేను ఇరవై నిమిషాల తుంపర. ఆ సమయంలో బంకులోనో టీ కొట్టులోనో ఆగిపోండి. ఆ కాసేపట్లో మనకు పోయే పనేమీ ఉండదు.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. పెద్ద బండి కొన్న మొదటి ఏడాది, అక్టోబరులో ఒక సాయంత్రం, ఊరి దగ్గర సర్వీసు రోడ్డు నుంచి ఫ్లైఓవర్ కిందికి మలుపు తిప్పుతున్నాను. వాన అప్పుడే మొదలైంది. బండి ఇంకా వంగి ఉండగానే, వెనక టైరు తెల్ల గీత మీద ఉండగానే, ఎక్స్‌లేటర్ తిప్పాను. వేగం 30 కూడా ఉండదు. వెనక చక్రం పక్కకు పోయింది. భయపడి ఎక్స్‌లేటర్ ఒక్కసారిగా వదిలేశాను. అప్పుడు టైరు మళ్లీ రోడ్డును పట్టుకుని బండి నన్ను అవతలి వైపుకు విసిరేసింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. వెనక లారీ లేదు కాబట్టి ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నాను. తిప్పడంలోనూ తప్పు చేశాను, వదలడంలోనూ తప్పు చేశాను. రెండుసార్లూ నా చెయ్యే తొందరపడింది.

మామూలు 100 సీసీ బండికి సుమారు 8 హార్స్‌పవర్ ఉంటుంది. నా 650కి 47. బరువు 200 కిలోల పైమాటే. అంత బలం రోడ్డుకు చేరేది వెనక టైరు నేలను తాకే చోట నుంచే, ఆ చోటు అరచేయంత ఉంటుంది. 100 సీసీ బండిలో ఎక్స్‌లేటర్ కొంచెం దురుసుగా తిప్పినా ఆ అరచేయి తట్టుకుంటుంది. 650లో అంతే దురుసుగా తిప్పితే, అందులోనూ తడి మీద, తట్టుకోలేదు. బలం ఉన్నందుకు ఎవరూ పడరు. ఆ బలాన్ని ఒక్కసారిగా వదిలినందుకు పడతారు.

రైతుల పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలవలో నీళ్లు వచ్చేది ఇంతే అని తెలుసు. పైపొలం వాళ్లు ఎక్కువ తోడుకుంటే చివరి పొలం ఎండుతుంది. టైరు పట్టు కూడా అంతే. బ్రేకు వేయడానికి, మలుపు తిరగడానికి, వేగం పెంచడానికి మూడింటికీ ఆ ఒక్క పట్టులో నుంచే వాటా పోవాలి. వాన పడితే మొత్తమే తగ్గిపోతుంది. కాబట్టి మలుపులో ఉన్నప్పుడు మలుపుకే ఇవ్వండి. బ్రేకు పని మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే ముగించేయండి. మలుపు దాటి బండి లేచాక ఎక్స్‌లేటర్ మెల్లగా తెరవండి. మామూలుగా మూడో గేరులో పోయే చోట నాలుగులో పోండి, ఇంజను లాగుడు మెత్తగా ఉంటుంది. గేరు తగ్గించాక క్లచ్ టక్కున వదలొద్దు. అలా వదిలితే బ్రేకు ముట్టుకోకపోయినా వెనక చక్రం ఒక్క క్షణం ఈడ్చుకుపోతుంది.

ఇక బ్రేకు. 'వానలో ముందు బ్రేకు ముట్టుకోవద్దురా' అని మా నాయన చెప్పేవాడు. మీ ఇళ్లలో కూడా చెప్పే ఉంటారు. ప్రేమతో చెప్పిన మాటే, కాదనను. కానీ 200 కిలోల బండిని 80లో నుంచి వెనక బ్రేకు ఒక్కదానితో ఆపాలని చూస్తే ఆగదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది, అందుకే ముందు టైరుకే ఆపే శక్తి ఎక్కువ. వానలో ఆ తేడా కొంత తగ్గుతుంది, అందుకని వెనక బ్రేకును పొడి రోడ్డు మీద కంటే కాస్త ఎక్కువ వాడుకోవచ్చు. కానీ రెండూ వేయాల్సిందే. ముందు బ్రేకు లివరును రెండు వేళ్లతో మెత్తగా తాకి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు కిందికి దిగేదాకా ఆగి, తర్వాత నొక్కు పెంచుకుంటూ పోవాలి. నిమ్మకాయ పిండినట్టు పిండాలి, దోమను చంపినట్టు కొట్టకూడదు. ఇంకో సంగతి. డిస్కు తడిసి ఉంటే మొదటి నొక్కుకు పట్టదు. నీళ్లలో నుంచి బయటికి వచ్చాక బ్రేకును ఒకటి రెండు సార్లు తేలిగ్గా తాకి డిస్కు ఆరనివ్వండి.

దూరం లెక్క కూడా చూద్దాం. 80 వేగంలో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో జరిగిందని మన మెదడుకు తట్టి చెయ్యి కదిలేసరికే ఆ సెకను అయిపోతుంది. తర్వాత పొడి రోడ్డు మీదైతే 30 మీటర్ల దరిదాపులో ఆగే బండి, తడి రోడ్డు మీద 50 తీసుకుంటుంది. రెండూ కలిపితే 70 దాటింది. హైవే మీద పోయే 40 అడుగుల కంటెయినర్లు ఆరు వరసగా పెట్టినంత దూరం. ఇప్పుడు మనం ముందు లారీకి ఎంత దగ్గరగా పోతున్నామో ఎవరికి వారు గుర్తు చేసుకోండి.

ఏబీఎస్ ఉంది కదా అంటారు. మంచిదే. 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. కానీ ఏబీఎస్ చేసేది చక్రం బిగుసుకుపోకుండా చూడటం. రోడ్డుకు లేని పట్టును అది తెచ్చిపెట్టదు. మలుపులో వంగి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే మామూలు ఏబీఎస్ కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. బండిలో ఇంజను లాగుడును మెత్తబరిచే రెయిన్ మోడ్ ఉంటే వాడండి, అదేమీ చిన్నతనం కాదు.

టైర్ల దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. గాడుల్లో చిన్న గుర్తులు ఉంటాయి, రబ్బరు అరిగి వాటి దాకా వస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు లోతుగానే ఉన్నా పాతబడి గట్టిపడ్డ రబ్బరు తడి మీద జారుతుంది. వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు అంటారు. అది తప్పు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోతాయి, నీళ్లు బయటికి పోవు. కంపెనీ చెప్పిన గాలే ఉంచండి.

మన దారుల్లో ఎక్కడెక్కడ జారుతుందో మనకే తెలియాలి. నాట్ల కాలం, వాన కాలం మనకు ఒక్కటే. పొలంలో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు ఊరి మొగలో బంకమట్టి వదిలిపోతుంది. దాని మీద ఏ టైరూ నిలవదు. రొయ్యల బళ్ల నుంచి కారే నీళ్లు, టోల్ గేటు దగ్గర లారీలు ఆగే చోట ఆయిలు మరకలు, స్పీడ్ బ్రేకర్ల మీద తెల్ల రంగు, వంతెనల మీద ఇనుప అతుకులు, చింత చెట్ల కింద రాలిన ఆకు, అన్నీ అలాంటివే. రైలు గేటు దగ్గర పట్టాలను వీలైనంత అడ్డంగా దాటండి, వాటి మీద ఎక్స్‌లేటర్, బ్రేకు రెండూ ముట్టుకోవద్దు. చేతులు వదులుగా ఉంచి మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి. వెనక కూర్చున్న వాళ్ల చున్నీ, రెయిన్ కోటు అంచులు చైనులో పడకుండా ముందే ముడి వేయించండి.

చప్టాలు, చెరువు కలుజులు పారే చోట మాత్రం బండి బలం గురించి ఆలోచించొద్దు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర ఏం జరిగిందో ఇక్కడున్న వాళ్లంతా చూశారు. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. లారీలను మోసే రోడ్డే నిలవనప్పుడు, బురద నీళ్ల కింద పల్లెటూరి చప్టా అంచు ఉందో లేదో పైనుంచి చూసి చెప్పలేం. పారే నీరు మోకాలి దాకా కూడా రానక్కర్లేదు, చక్రాలను పక్కకు నెట్టేస్తుంది. ఎదుటి బండి దాటిందని మనం దిగకూడదు. వెనక్కి తిరిగి రండి, చుట్టూ తిరిగి పోయినా సరే, ఆ రాత్రి బంధువుల ఇంట్లో పడుకున్నా సరే. నిలవ నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. అందరూ సైలెన్సర్ గురించే భయపడతారు గానీ, ఎయిర్ ఫిల్టర్ గుండా ఇంజనులోకి నీళ్లు పోతే లోపల పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. నెట్టుకుంటూ బయటికి తెచ్చి మెకానిక్‌ని పిలవండి.

ఇవన్నీ వింటే రావు, చేతికి అలవాటు కావాలి. ఖాళీ మైదానంలో, వాన వెలిశాక, 20 వేగంలో మొదలుపెట్టి బ్రేకు వేసి చూసుకోండి. తర్వాత 30లో, 40లో. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివరు వేళ్ల కింద ఎలా కొట్టుకుంటుందో ఒకసారి తెలిస్తే, రేపు రోడ్డు మీద అది కొట్టుకున్నప్పుడు బెదిరి వదిలేయరు.

బయట జల్లు ఆగినట్టుంది. మీ బళ్లన్నీ గేటు దగ్గరే ఉన్నాయి కదా. పదండి, ఒక్కొక్క బండి టైర్లూ చూద్దాం.