వెన్నెల అనుకున్న నురగ

అందరికీ నమస్కారం. తెరచాప ఓడల కాలంలో మునిగిన ఓడల గురించి చెప్పమన్నారు. అలాంటివి వేలల్లో ఉన్నాయి. అన్నీ ముట్టుకుంటే ఒక్కటీ మిగలదు కాబట్టి ఒకే ఓడను పట్టుకుంటాను. దాని పేరు బటావియా. 1629లో ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర పగిలిపోయింది.

ఎక్కడో ఆస్ట్రేలియా దగ్గర మునిగిన ఓడతో బందరువాళ్ళకు ఏం పని అంటారేమో. ఆ ఓడ మీద కంపెనీ తరఫున పెద్దగా వెళ్ళిన ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ మన ఊరి గాలి పీల్చినవాడే. డచ్చి ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా 1620లో బందరు నుంచి భూమార్గాన సూరత్ వెళ్ళాడు. అక్కడి నుంచి ఆగ్రా. జహంగీరు కాలంలో ఏడేళ్ళు నీలిమందు బేరాలు చూశాడు. మనం ఇప్పుడు డచ్చి సమాధులు అని చూపించే రాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఆ కంపెనీ మనుషులే. ఇక్కడి అద్దకం బట్టలు జావాకూ మలుకు దీవులకూ వెళ్ళేవి, వాటికి బదులు లవంగం, జాజికాయ దొరికేవి. బటావియా అంటే ఆ వ్యాపారానికి గుండెకాయ లాంటి ఊరు, ఇవాళ్టి జకార్తా. ఓడకు ఆ ఊరి పేరే పెట్టారు.

ఓడ కొత్తది, అది మొదటి ప్రయాణం. 1628 అక్టోబరు చివర్లో హాలండులోని టెక్సెల్ నుంచి బయల్దేరింది. మూడు వందల మందికి పైగా జనం. కళాసీలు, సిపాయీలు, గుమాస్తాలు, ఆడవాళ్ళు, పిల్లలు. పన్నెండు పెట్టెల వెండి నాణేలు. మొఘలు ఆస్థానంలో అమ్ముదామని తెచ్చిన ఖరీదైన వస్తువులు. ఇవికాక అడుగున బరువు కోసం 137 చెక్కిన రాళ్ళు. వాటిని బటావియాలో పేర్చితే కోటకు సింహద్వారం అవుతుంది.

జూన్ 4, తెల్లవారుజాము. పెల్సార్ట్ జబ్బుపడి మంచంలో ఉన్నాడు. ఓడ నడిపే కప్తాను ఆరియన్ యాకబ్స్ కాపలాలో ఉన్నాడు. ముందు ఏదో తెల్లగా కనబడింది. అది ఏమిటని కాపలావాణ్ణి అడిగితే వెన్నెల అన్నాడు. సరే అనుకున్నారు. గాలి బాగుంది, తెరచాపలన్నీ విప్పే ఉన్నాయి. కాసేపటికి ఓడ పగడపు దిబ్బ మీదికి ఎక్కి కూర్చుంది. ఆ తెలుపు వెన్నెల కాదు, దిబ్బ మీద విరుగుతున్న అలల నురగ.

తేలిక చేద్దామని ఫిరంగులు నీళ్ళలోకి తోశారు. పెద్ద స్తంభం ఓడను దిబ్బకేసి బాదుతోందని దాన్ని నరికితే అది పక్కకు పడకుండా ఓడ మీదే అడ్డంగా పడింది. నేను కొన్నేళ్ళు సరుకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా చేశాను. రాడార్లు, జీపీఎస్‌లు ఉన్న కాలంలో కూడా రాత్రి కాపలాలో ముందు తెల్లగా కనబడితే నాకు గుండె ఝల్లుమనేది. అందుకే యాకబ్స్‌ను తిట్టడానికి నోరు రాదు. అతని లెక్క ప్రకారం అక్కడ దిబ్బ ఉండకూడదు. నేల ఇంకా చాలా దూరం ఉండాలి.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఆ లెక్క సంగతే. ఓడలు మునిగాయనగానే మనకు తుఫాను గుర్తొస్తుంది. బందరులో అది సహజం, 1864 ఉప్పెన మాటలు మన తాతలు చెప్పగా విన్నాం. కానీ బటావియాను తుఫాను ముంచలేదు. మంచి గాలిలో, నడుస్తూ నడుస్తూ పోయి గుద్దుకుంది.

పూర్వం డచ్చివాళ్ళు ఆఫ్రికా కొస దాటాక పైకి తిరిగి, రుతుపవనాల కోసం కాచుకుంటూ, జావా చేరేసరికి ఏడాది పట్టేది. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కప్తాను ఇంకో దారి పట్టాడు. ఆఫ్రికా కొస నుంచి ఇంకా దక్షిణానికి దిగి, అక్కడ ఏడాది పొడుగునా వీచే పడమటి గాలికి తెరచాపలు అప్పగించాడు. ఆరు నెలల్లోపే జావాలో ఉన్నాడు. కొన్నేళ్ళలోనే కంపెనీ దాన్ని రూలు చేసేసింది. వెయ్యి డచ్చి మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు 7,400 కిలోమీటర్లు తూర్పుకు పోయి, అప్పుడు ఉత్తరానికి తిరగాలి.

మైలురాళ్ళు లేని రోడ్డు మీద వెయ్యో మైలు దగ్గర ఎడమకు తిరగండి అన్నట్టుంది ఆ ఉత్తర్వు. ముందే తిరిగితే గాలి లేని చోట చిక్కుకుంటారు. ఆలస్యంగా తిరిగితే ఎదురుగా ఆస్ట్రేలియా.

ఎంత దూరం వచ్చామో ఎలా తెలుస్తుంది? ఓడ ముందు వైపున ఒక చెక్కముక్క నీళ్ళలో వేస్తారు. అది వెనక కొస దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టి వేగం రాసుకుంటారు. దాన్ని ఇసుక గడియారంతో గుణించి రోజుకింత దూరం అని పటం మీద గుర్తు పెడతారు. లోపం ఎక్కడంటే, అక్కడ నీళ్ళు కూడా తూర్పుకే పోతున్నాయి. వరద కృష్ణలో పడవ మీద కూర్చుని, పక్కనే తేలుతున్న కొబ్బరిబోండాన్ని చూసి మనం కదలడంలేదు అనుకుంటే ఎలా ఉంటుంది? అదే జరిగేది. లెక్కలో రాసినదానికంటే ఓడ ఎప్పుడూ ముందుండేది.

ఉత్తర దక్షిణాల సంగతి అలా కాదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలిస్తే అక్షాంశం వచ్చేస్తుంది. రేఖాంశానికి మాత్రం సూర్యుడు ఒక్కడే చాలడు, గడియారం కావాలి. బందరులో సూర్యుడు నడినెత్తికొచ్చిన 48 నిమిషాలకు ద్వారకలో నడినెత్తికొస్తాడు. ఆ తేడా తెలిస్తే రెండు ఊళ్ళ మధ్య ఎన్ని డిగ్రీలో చెప్పొచ్చు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. కాబట్టి బయల్దేరిన రేవులో ఇప్పుడు టైమెంతో ఓడ మీద తెలియాలి. 1629లో ఎలా తెలుస్తుంది? లోలకం గడియారమే 1656 దాకా పుట్టలేదు. పుట్టాక కూడా ఊగే ఓడ మీద అది సరిగా నడవలేదు.

ఇక దిబ్బ దగ్గరికి వద్దాం. నలభై మంది దాకా మునిగిపోయారు, మిగతావాళ్ళు చిన్న చిన్న తిప్పల మీదికి చేరారు. చుక్క మంచినీళ్ళు లేవు. నీళ్ళు వెతుకుతూ పెల్సార్ట్, యాకబ్స్, మొత్తం 48 మంది పెద్ద పడవలో బయల్దేరి, తీరమంతా ఎండి ఉండటంతో ఏకంగా జావాకే పోయారు. జూలై 7న చేరారు. దారిలో ఒక్కరూ పోలేదు. ఓడ నడపడంలో యాకబ్స్ ఎంతటివాడో అక్కడ తెలుస్తుంది.

వెనక మిగిలినవాళ్ళ మీద యెరోనిమస్ కార్నెలిస్ అనే చిన్న గుమాస్తా పెత్తనం తీసుకున్నాడు. హాలండులో మందుల దుకాణం నడిపినవాడు. తిండి చాలదన్న వంకతో చంపించడం మొదలుపెట్టి, రోగుల్నీ ఆడవాళ్ళనూ పసిపిల్లల్నీ కలిపి నూరుమందికి పైగా హత్య చేయించాడు. నీళ్ళు వెతకమని వీబ్బె హేస్ అనే సిపాయినీ కొందరినీ ఇంకో దీవికి పంపాడు, వాళ్ళు అక్కడే చస్తారని. వాళ్ళకు నీళ్ళూ దొరికాయి, మాంసమూ దొరికింది. రాళ్ళు పేర్చి గోడ కట్టుకుని ఎదురు నిలిచారు. ఆ గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ కథ ఎక్కడ చెప్పినా జనం ఇక్కడే చెవులు రిక్కిస్తారు, అందుకే తొందరగా దాటేస్తున్నాను. ఇక్కడ ఆగితే దిబ్బ మరుగున పడిపోతుంది.

బటావియాలో గవర్నరు కూన్ వెంటనే సార్డామ్ అనే చిన్న ఓడ ఇచ్చి పెల్సార్ట్‌ను వెనక్కి పంపాడు. జూలై 15న బయల్దేరాడు. దిబ్బ దగ్గరికి చేరింది సెప్టెంబరు 17న. పైకప్పు లేని పెద్ద పడవలో నెలలో వచ్చిన దారి, మంచి ఓడలో తిరిగి వెళ్ళడానికి రెండు నెలలు దాటింది. తాను పోగొట్టుకున్న ఓడ ఎక్కడుందో తనకే తెలియదు! అక్షాంశం కొద్దిగా తేడాగా రాసుకున్నాడు, రేఖాంశం అసలే లేదు. అటూ ఇటూ గాలిస్తూ తిరిగాడు. అక్కడ చచ్చినవాళ్ళలో కొందరు ఆ తిరుగుడు రోజుల్లోనే చచ్చారు.

చేరాక అక్కడే విచారణ జరిపి కార్నెలిస్ చేతులు నరికి ఉరి తీశారు. ఇద్దర్ని ఆస్ట్రేలియా గట్టున వదిలేశారు, వాళ్ళ జాడ మళ్ళీ తెలియలేదు. ఈతగాళ్ళు మునిగి పది పెట్టెల వెండి పైకి తెచ్చారు. వాళ్ళలో గుజరాతీలు కూడా ఉన్నారు. పెల్సార్ట్ మరుసటి ఏడే పోయాడు.

బటావియా పగలడానికి ఏడేళ్ళ ముందు ఇంగ్లీషు కంపెనీ ఓడ ట్రయల్ కూడా ఇలాగే ఆస్ట్రేలియా పక్కన బండలకు తగిలింది. 143 మందిలో బతికింది 46 మంది. కప్తాను జాన్ బ్రూక్ తాను ఎక్కువ తూర్పుకు పోయిన తప్పు కప్పిపుచ్చుకోడానికి బండలు పడమటి వైపు ఉన్నాయని రాసిచ్చాడు. రేఖాంశం కొలిచి అబద్ధమని తేల్చగలవాడు ఆనాడు లేడు. మూడు వందల ఏళ్ళు నావికులు పటంలో తప్పుచోట గుర్తుపెట్టిన బండలకు భయపడ్డారు. 1727లో సేవైక్ అనే డచ్చి ఓడ బటావియా మునిగిన ఆ దీవుల్లోనే, సరిగ్గా జూన్‌లోనే, పగిలింది. తొంభై ఎనిమిదేళ్ళలో ఏమీ మారలేదన్నమాట. వాళ్ళు మాత్రం పాత చెక్కలతో కొత్త పడవ కట్టుకుని 82 మంది జావా చేరారు.

ఇంగ్లండుకు బుద్ధి రావడానికి సొంత గుమ్మంలో దెబ్బ తగలాల్సి వచ్చింది. 1707లో సిలీ దీవుల దగ్గర నాలుగు యుద్ధనౌకలు ఒక్క రాత్రిలో పోయాయి, కనీసం 1,400 మంది. సముద్రం మీద రేఖాంశం తేల్చే ఉపాయానికి 1714లో పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. చివరికి వడ్రంగి కొడుకు జాన్ హారిసన్ చేసిన పెద్ద జేబు గడియారంలాంటిది 1761లో జమైకా బయల్దేరింది. 81 రోజుల ప్రయాణంలో తప్పింది 5 సెకన్లు.

బటావియాను 1963లో కనుగొన్నారు. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ మ్యూజియంలో దాని వెనక భాగం చెక్కలు నిలబెట్టారు. ఆ 137 రాళ్ళను అక్కడి జెరాల్డ్‌టన్ ఊరి మ్యూజియంలో పేర్చారు. చేరాల్సిన ఊరు చేరకుండా, గోడ లేని సింహద్వారం అలా నిలబడి ఉంది.

మన తీరానికి ఈ కొలతలు తెచ్చినవాళ్ళలో మైకేల్ టాపింగ్ ముఖ్యుడు. మద్రాసు ప్రభుత్వ నౌకా సర్వేయరు. 1792లో మద్రాసు వేధశాల రావడం వెనక ఉన్నది ఆయనే. ఈ గట్టు కొలిచాడు, 1796 జనవరిలో జ్వరంతో బందరులోనే పోయాడు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ముందు వరుసలో ఆ పిల్ల ఇందాకటి నుంచి చెయ్యి దించడంలేదు. అడగమ్మా.