నాటుగుడ్డు మీద తేదీ ఎందుకు రాస్తున్నాను

నమస్తే అండీ. చంద్రగిరి పక్కన మా పల్లె నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ గుడ్డు ఒకసారి దగ్గరగా చూడండి. మొద్దు వైపు పెన్సిల్‌తో చిన్నగా రాసుంది, కనిపిస్తోందా? మే 9. మా ఇంటి నుంచి బయటికి పోయే ప్రతి గుడ్డు మీదా, పెట్టిన తేదీ ఇట్లాగే ఉంటుంది. ఈ అలవాటు ఎందుకు వచ్చిందో ముందు అది చెప్తాను.

పోయిన ఎండాకాలం తిరుపతి బైరాగిపట్టెడలో ఒక అక్క నా దగ్గర డజను గుడ్లు తీసుకుంది. మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. కోపంగా కూడా మాట్లాడలేదు. "ఏమ్మా, పిల్లోడికి ఆమ్లెట్ వేద్దామని కొడితే లోపల ఎర్రగా నరాలు ఉండాయి. వాడు చూసి భయపడి ఏమీ తినలేదు" అనింది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. నాటుగుడ్డు మంచిదని నమ్మి, షాపు గుడ్డు కంటే ఎక్కువ డబ్బులిచ్చి కొన్న మనిషి ఆమె.

తప్పు నాదే. గుడ్లు తీసేటప్పుడు గంపలో ఒకటి వదిలేస్తాం కదా, అన్నీ తీసేస్తే పెట్ట ఆ చోటు మానేసి పొదల్లోనో గడ్డివాము సందులోనో పెట్టుకుంటుందని. వదిలిన గుడ్డు మీద మా అవ్వ బొగ్గుతో గీత గీసేది. నేనూ గీశాను. పెట్టలు దొర్లించి దొర్లించి ఆ గీత చెరిగిపోయింది. నాలుగైదు రోజులు పెట్టల కడుపు కింద ఉన్న ఆ గుడ్డు, కొత్త గుడ్లతో కలిసి ట్రేలోకి వెళ్లిపోయింది.

పుంజుతో కలిసి తిరిగే పెట్ట పెట్టిన గుడ్డులో ప్రాణం ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు అది నిద్రపోతున్నట్టు ఉంటుంది. పిల్ల ఎదగడానికి కావాల్సిన వేడి 37, 38 డిగ్రీలు. మే నెలలో మన తిరుపతి ఎండ 40 దాటుతుంది. అంటే పెట్ట కూర్చోకపోయినా, రేకుల కింద మధ్యాహ్నమంతా ఉన్న గుడ్డులో లోపల పని మొదలైపోతుంది. రెండు మూడు రోజులకే ఎర్రటి నరాలు కనిపించేది అందుకే.

ఇప్పుడు గంపలో నేను వదిలేది గుడ్డు కాదు. ఇదిగో, స్వర్ణముఖిలో ఏరుకొచ్చిన తెల్ల గులకరాయి. అచ్చం గుడ్డంత ఉంది. పెట్టకు ఇది చాలు.

రెండో మార్పు, ఎండాకాలం పుంజును వేరే దొడ్లో పెట్టేశాను. పుంజు లేకుంటే పెట్ట గుడ్డే పెట్టదని చాలామంది అనుకుంటారు. పెడుతుంది. ఫారాల్లో పెట్టే గుడ్లన్నీ పుంజు లేకుండా పెట్టేవే కదా! తినడానికి అమ్మే గుడ్డుకు పుంజుతో పనే లేదు. కాకపోతే పుంజును వేరు చేసిన రోజు నుంచే తేడా రాదు, రెండు మూడు వారాలు ఆగాలి. అందుకని నేను ఫిబ్రవరి చివర్లోనే వేరు చేస్తాను.

గుడ్లు ఏరడం రోజుకు మూడుసార్లు. పెట్టలు ఎక్కువగా పొద్దున పూటే పెడతాయి కాబట్టి పది గంటలకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, సాయంత్రం చివరిసారి. మీకు ఒకే ఒక్క మాట గట్టిగా చెప్తాను, మసక వెలుతురులో గంపలో ఊరికే చెయ్యి పెట్టొద్దు. టార్చి వేసి చూసి పెట్టండి. గుడ్ల కోసం పాములు వస్తాయి. నేను ఒకసారి జెర్రిపోతును చూశాను, అది నాగుపాము అయ్యుంటే ఏమయ్యేదో.

కడగడం గురించి అందరూ అడుగుతారు. కడగొద్దు. గుడ్డు పెట్టినప్పుడు పెంకు తడిగా మెరుస్తుంది, క్షణాల్లో ఆరిపోయి కంటికి కనపడని పొరలా మిగులుతుంది. పెంకు నిండా వేల సన్న రంధ్రాలుంటాయి, వాటిని మూసి ఉంచేది ఆ పొరే. చన్నీళ్లతో కడిగితే పొర పోతుంది, పైగా లోపలిది ముడుచుకుని, పైనున్న మురికిని లోపలికి లాక్కుంటుంది. కాస్త రెట్ట అంటితే పొడి గుడ్డతో తుడుస్తాను. బాగా అంటినవి అమ్మను, వాటిని ఆ పూటే శుభ్రంగా కడిగి, ఉడికించి మేమే తింటాం. అసలు గంపలో వరిగడ్డి వారానికొకసారి మారిస్తే అన్ని మురికి గుడ్లు రావు.

నిల్వకు మా అవ్వ రాగుల బానలో గుడ్లు గుచ్చి పెట్టేది. నేను ఒక పెద్ద మట్టి తొట్టిలో తడి ఇసుక వేసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో పొడి గడ్డి మీద గుడ్లు ఉంచుతాను. ఇసుకలో తడి ఆరిపోతూ ఉంటే కుండ చల్లబడుతుంది, కూజాలో నీళ్లు చల్లబడినట్టే. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి, గుడ్డుకు మాత్రం తడి తగలకూడదు. సన్న మొన కిందికి, మొద్దు వైపు పైకి. మొద్దు వైపు లోపల చిన్న గాలి గది ఉంటుంది, అది పైన ఉంటేనే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది. ఉల్లిపాయలు, ఎండుచేపలు, కిరోసిన్ దగ్గర పెట్టొద్దు. గుడ్డు వాసన పట్టేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే మంచిదే, కానీ పెట్టింది బయటికి తీసి మళ్లీ ఎండలో తిప్పితే పైన నీళ్లు పడతాయి. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డు నేను అమ్మను.

ఇప్పుడు గిన్నెలో నీళ్లు పోశాను, చూడండి. ఇది ఈరోజుది, అడుగున అడ్డంగా పడుకుంది. ఇది పది రోజులది, అడుగునే ఉంది కానీ మొద్దు వైపు లేచింది. రోజులు గడిచేకొద్దీ రంధ్రాల్లోంచి తేమ పోయి గాలి గది పెద్దదవుతుంది. పూర్తిగా తేలితే పారేయండి. నీళ్లలో వేసి చూసిన గుడ్డు ఇంటికే, అమ్మకానికి కాదు.

ఇక అమ్మకం. నా దగ్గర 18 నాటు పెట్టలు, 10 గ్రామప్రియ ఉన్నాయి. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన గ్రామప్రియ 200 పైన పెడుతుంది. రెండూ గోధుమ రంగు గుడ్లే, కానీ నేను రెంటినీ కలపను. నాటుగుడ్డు 15 రూపాయలు, గ్రామప్రియ 10. నెక్ (కోడిగుడ్ల రేట్లు చెప్పే జాతీయ కమిటీ) వాళ్లు రోజూ చిత్తూరుకు చెప్పే నూరు గుడ్ల రేటు ఫారం గుడ్లది, దాన్ని చూసి మన నాటుగుడ్డు ధర కట్టలేం. కొందరు తెల్ల గుడ్లను టీ డికాక్షన్‌లో ముంచి నాటువని అమ్ముతున్నారు. చాలా బాధగా ఉంటుంది. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. నాటుగుడ్డు తింటే రోగాలు పోతాయని కూడా నేను ఎవరికీ చెప్పను. నా కోడి ఏం తిందో, గుడ్డు ఏ రోజు పెట్టిందో చెప్తాను. పిల్లలకు పచ్చిగుడ్డు తాగించొద్దని కూడా చెప్తాను. కోడికి మందు వేయిస్తే, ఎన్ని రోజులు గుడ్లు అమ్మకూడదో పశువుల డాక్టరును అడిగి అన్ని రోజులూ ఆపేస్తాను.

మన వైపు పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు, తర్వాత కార్తీకం వస్తే సగం ఇళ్లల్లో గుడ్డు ముట్టరు. మొదట్లో ఆ నెలల్లో నాకు టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు ఆగస్టు చివర్లో పుంజును మళ్లీ పెట్టల్లోకి వదులుతాను. పెరటాసి నాటికి పొదిగే గుడ్లు వస్తాయి, వారం లోపల పెట్టినవి ఏరి ఒక్కో పెట్ట కింద పన్నెండు పెడతాను. 21 రోజులకు పిల్లలు వస్తాయి. ఆ వానలకు పిల్లలు తడవకుండా చూసుకోవాలి, అంతే.

బైరాగిపట్టెడ అక్కకు ఆ డజను డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. మూడు నెలలు ఆమె గుడ్లు అడగలేదు, నేనూ పోయి అడగలేదు. తర్వాత ఆమే ఫోన్ చేసింది. ఇప్పుడు వారానికి పన్నెండు తీసుకుంటోంది. ట్రే చేతికివ్వగానే ఒక్కో గుడ్డు తిప్పి తేదీ చూసుకున్నాకే లోపలికి తీసుకెళ్తుంది.